బూడిద వేళ్లు

సోమలింగం వేళ్లకు స్పర్శ తిరిగొచ్చిందన్న సంగతి అందరికంటే ముందు విశాలాక్షి వీపుకి తెలిసింది.

మధ్యాహ్నం మూడున్నర. మగ్గాల పనికి వలసొచ్చి లింబాయత్‌లో వాళ్లుండే ఒంటిగదిలో ఆమె నేల మీద కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తోంది. ఎంబ్రాయిడరీ మిషన్ మీంచి దిగిన చీరకు వెనకవైపు పువ్వుకీ పువ్వుకీ మధ్య దారాలు వేలాడుతుంటాయి. గుడ్డకు గాటు పడకుండా వాటిని కట్టర్‌తో మొదలంటా తెంపాలి. పదకొండేళ్లుగా అదే పని. ఆమె కళ్లు టీవీ మీదున్నా సరే, చెయ్యి దానంతటదే దారం కొసను వెతుక్కుని తెంపేస్తుంది.

సోమలింగం లోపలికొచ్చాడు. టిఫిను డబ్బా మూలన పెట్టాడు. ఆమె వెనక నిలబడి, వంగి, రవిక అంచు మీద ఒక వేలు పెట్టాడు.

"ఏందయ్యా?"

"ఈడ ఒక పోగు లేశింది."

"ఉంటే ఉండనీ."

"నూలు గాదు. పాలిస్టర్."

విశాలాక్షి చెయ్యి ఆగిపోయింది.

సోమలింగం పని అచ్చులు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తున్నప్పుడు, కొత్త పడుగులోని ఒక్కో పోగునూ పాతదాని కొసకు కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టి అతకాలి. ఒక అచ్చుకు నాలుగు వేల పైచిలుకు పోగులు. జారకుండా వేళ్లకు బూడిద రాసుకుంటారు. ఇరవై ఏళ్లు ఆ పని చేశాక అతని వేళ్ల చర్మం నున్నబడింది. ఆ పైన చచ్చిపోయింది. మరిగే టీ గ్లాసును మంచినీళ్ల గ్లాసులా పట్టుకునేవాడు. డాక్టరు నరాలన్నాడు, బలానికి మాత్రలిచ్చాడు. ఒక పోగు బదులు రెండేసి పోగులు కలిపి మెలిపెట్టడం మొదలయ్యాక దగ్గర్లోని ఉధ్నాలో మగ్గాల కారఖానాల వాళ్లు ఒక్కొక్కరే అతన్ని పిలవడం మానేశారు.

ఇంట్లో జరిగిన నష్టం గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. పెళ్లయి పదహారేళ్లు, పిల్లలు లేరు. ఆఖరి రెండేళ్లలో అతను ఆమె ఒంటి మీద చెయ్యి వేస్తే గోడ మీద వేసినట్టే వేసేవాడు. మెల్లగా ఆమె ఒళ్లు కూడా గోడలా ఉండడం నేర్చుకుంది.

కిమ్ అనే ఊళ్లో కొత్త పని దొరికిందని రోజూ పొద్దున్నే రైలెక్కడం మొదలుపెట్టి అప్పటికి నాలుగు రోజులు.

"నీకెట్ల తెల్సిందయ్యా పాలిస్టర్ అని?" అంది.

"ముట్టుకుంటే తెల్వదా?"

ఆమె ఒళ్లంతా కదిలేలా నవ్వింది. అతను నవ్వలేదు. పోగును వదిలేసి ఆమె మెడ కింద చర్మాన్ని ఒక్క చిటికెడు పట్టుకున్నాడు. మెల్లగా దొర్లించాడు. వదిలాడు. పక్కన ఇంకో చిటికెడు.

"చేతులన్న కడుక్కోరాదూ. గంత బూడిద."

"తర్వాత కడుగుత."

తలుపు గొళ్లెం ఆమే వేసింది.

అతను పనిచేసే పద్ధతిలోనే ఆమెను తాకాడు. మెడ దగ్గర మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి, ఒక చిటికెడు, ఒక మెలి, తర్వాతది. ఒక వరుస అయ్యాక దాని కింద వరుస. ఎక్కడా ఖాళీ వదల్లేదు, ఎక్కడా తొందరపడలేదు. రోజుకు నాలుగు వేల పోగులు అతికేవాడికి తొందరేముంటుంది? నడుము దాకా వచ్చేసరికి ఆమె చేతికందిన చీరను నోట్లో కుక్కుకుంది. ఆ చీర ఆమెకు పనిచ్చే సేఠ్‌ది. పల్లు మీద పంటి గాట్లు పడ్డాయి.

మర్నాడు నల్లా దగ్గర పక్కింటి ఐలమ్మ బిందె దించి ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏం పిల్లా, నిన్న మీ ఇంట్ల పట్టపగలు పిల్లి సొచ్చిందా ఏంది?"

"పిల్లే అక్కా."

"గసొంటి పిల్లినయితే జర మా ఇంటికి గూడ తోలు. మీ బావ పోయి పన్నెండేండ్లాయె. ఒళ్లు బీరపొట్టయింది."

క్యూలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. విశాలాక్షి కూడా నవ్వింది. మెడ మీద బూడిద మరక ఇంకా ఉందని ఆమెకు తెలియదు. ఐలమ్మకు తెలుసు.

ఆ రోజు నుంచీ మూడున్నరకు ఆమె పని ఆగిపోయేది. అతను రావడం, డబ్బా పెట్టడం, చేతులు కడగకుండానే దగ్గరికి రావడం. వీపు అయ్యాక భుజాలు, భుజాలయ్యాక పక్కటెముకలు, తర్వాత పొట్ట, తొడలు. ఎక్కడ ఆపాడో మర్నాడు సరిగ్గా అక్కడే మొదలుపెట్టేవాడు. ఆమె కళ్లు మూసుకుని అతని వేళ్లు ఎంత దూరంలో ఉన్నాయో లెక్కపెట్టుకునేది. ముప్ఫై ఐదేళ్ల వయసులో తన ఒంట్లో ఇన్ని చోట్లున్నాయని ఆమెకు తెలియడం అదే మొదలు.

రెండో వారంలో ఇంకోటి మొదలైంది.

పొద్దున సరిగ్గా పదింటికి. ఇంట్లో ఎవరూ లేరు. మెడ నుంచి నడుము దాకా చర్మం లోపల ఏదో సన్నగా కదిలింది. వంద ఊపిరులు ఒక్కసారి వీపు మీద నుంచి దాటినట్టుంది. ఆగింది. మళ్లీ కదిలింది. ఒక వరుసలో, ఒకే వేగంతో. విశాలాక్షి కట్టర్ వదిలేసి గోడకు జారబడింది. కాళ్లు చాపుకుంది. తలుపు వేసి ఉందో లేదో చూసుకునే ఓపిక కూడా లేకపోయింది. పన్నెండున్నరకు అది ఆగింది. ఒంటిగంటకు మళ్లీ మొదలై రెండింటి దాకా సాగింది.

మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అవి మగ్గం నడిచే వేళలని తెలియాలి. తెలిసే ఉంటుంది. అడగాలనిపించలేదు. అడిగితే ఆగిపోతుందేమోనన్న భయం ఒకటుంది మరి.

ఇరవై రెండో రోజున ఆమె ఒక పొరపాటు చేసింది. అలాంటి పొరపాటు దారాలు కత్తిరించేవాళ్లే చేస్తారు.

చీర మడతపెడుతుంటే ఎడమ మణికట్టు లోపలివైపు తెల్లటి పోగు ఒకటి కనిపించింది. బియ్యపు గింజంత పొడవు. చీరది అంటుకుందనుకుంది. అనుకోవడానికైనా టైమివ్వకుండా చెయ్యి తన పని తాను చేసింది. కట్టర్ మొదలంటా ఆనింది. టక్.

రక్తం రాలేదు. నొప్పి లేదు. నొప్పే కాదు, అక్కడ ఇంకేమీ లేదు. రూపాయి బిళ్లంత మేర చర్మం ఆమెది కాకుండా పోయింది. గోరుతో గిల్లింది. ఇంకెవరి చేతినో గిల్లినట్టుంది. మధ్యాహ్నం రొట్టెలు కాలుస్తుంటే ఆ చోటు పెనానికి తగిలిందట. కమురు వాసన వచ్చి చూసుకుంటే బొబ్బ లేచి ఉంది.

ఆమె స్టవ్ ఆర్పేసింది. తలుపు వేసి, కిటికీ వెలుగు పడేచోట నిలబడి, చీర విప్పి అద్దంలో చూసుకుంది.

భుజాల మీద, పక్కటెముకల మీద, బొడ్డు కింద, తొడల లోపలివైపు, అన్నిచోట్లా ఉన్నాయి. సన్నటి తెల్లటి కొసలు. దూరం నుంచి నూగు అనుకోవచ్చు. దగ్గరగా చూస్తే వరుసలు. వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఒక్కటే. అచ్చులో పోగులు ఎలా ఉంటాయో అలా.

కట్టర్‌ను రేకుడబ్బాలో వేసి మూత నొక్కింది. తన చేతిని తనే నమ్మలేకపోయింది.

అప్పుడే ఎవరో ఆమెను పట్టుకున్నారు.

గదిలో ఎవరూ లేరు. కానీ ఆమె పక్కటెముకల మీది చర్మాన్ని బొటనవేలూ చూపుడువేలూ మడతబెట్టి పట్టుకున్నాయి. రెండుసార్లు రాశాయి. వదిలాయి. అవి సోమలింగం వేళ్లు కావు. లావు వేళ్లు. ఒకదానికి ఉంగరం. బట్టల మార్కెట్లో ఏ దుకాణంలో నిలబడినా కనిపించే పనే అది. సరుకు చేతికి ఎలా ఉందో వ్యాపారి చూసుకునే పద్ధతి. ఆ వేళ్లు ఇంకోసారి వచ్చి, ఈసారి కాస్త నెమ్మదిగా రాశాయి.

సరుకు నచ్చినట్టుంది.

మూడున్నరకు సోమలింగం వచ్చేసరికి ఆమె గది మధ్యలో అలాగే నిలబడి ఉంది. గొళ్లెం వేయించింది. భుజం వెలుగులోకి తిప్పింది.

"ఏందిది?"

అతను డబ్బా పెట్టడం మర్చిపోయాడు. పట్టుకునే కూర్చున్నాడు.

"కిమ్‌ల ఎవని అచ్చు అతుకుతున్నవ్?"

"మొదలు నాకు తెల్వది విశాలా."

"తర్వాత?"

"తర్వాత తెల్సింది."

"ఎన్నడు?"

"మూడో దినం."

"మూడో దినం తెల్సినంక ఇరవై దినాలు నన్ను ముట్టుకున్నవా?"

సోమలింగం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. మెల్లగా చెప్పాడు. షెడ్డు యజమాని పేరు ఠాకోర్‌భాయ్. పనిలో పెట్టుకున్నప్పుడు కూలీ గురించి కాదు, ఒక్క షరతు గురించే మాట్లాడాడు. అక్కడి బూడిద వేళ్లకు రాసుకుని పోగులు అతకాలి. ఇంటికెళ్లేదాకా చేతులు కడగకూడదు. ఆ చెయ్యి ముందు ఎవరిని తాకుతుందో, తాకనీ. మొదటి రోజు ఇంటికొచ్చి ఎప్పట్లాగే ఆమె మీద చెయ్యి వేశాడు, సాయంత్రానికల్లా వేళ్లకు చలి తెలిసింది. రెండో రోజు రైలు కిటికీ ఊచ తుప్పు తెలిసింది. మూడో రోజు మగ్గం మీది పోగును పట్టుకుంటే వెచ్చగా ఉంది. వెన్నెముక పక్కన ఆమెకుండే పుట్టుమచ్చ ఆ పోగులో చేతికి తగిలింది.

"నా వేళ్లకు వచ్చింది నీదే. నీ కాడికెళ్లి తీసుకొని నిన్నే ముట్టుకున్న."

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు నవ్వినవు గద."

"ఏంది?"

"పాలిస్టర్ అన్నప్పుడు. పదహారేండ్లల్ల నువ్వు గట్ల నవ్వుడు నేను సూడలే. చెప్తే పోతదనుకున్న."

 విశాలాక్షి దగ్గరా పదింటి సంగతి ఒకటి దాచి ఉంది.

సోమలింగం చూపు ఉన్నట్టుండి కిందకు దిగింది. "నీ కాలు," అన్నాడు.

నేల మీద ఎర్రటి అడుగులు. స్టవ్ నుంచి అద్దం దాకా, అద్దం నుంచి గొళ్లెం దాకా. ఆమె కాలెత్తి చూసుకుంది. అరికాల్లో రేకుముక్క దిగబడి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. అతను లాగేస్తుంటే కూడా తెలియలేదు. పాదం కాదు, పిక్క కాదు. మోకాళ్ల దాకా నొక్కుకుంటూ వచ్చింది. రెండు కాళ్లూ ఎవరివో తెచ్చి పెట్టినట్టున్నాయి.

"బట్ట ఎంత నేస్తే అంత పోతాంది," అంది.

అతను తలూపాడు.

"అచ్చు ఎంత మిగిలింది?"

"రెండు దినాలది."

"అటెన్క?"

"అటెన్క బట్ట కోసి మార్కెట్‌కు పంపుతడు."

విశాలాక్షి గాయానికి గుడ్డ చుట్టుకుంది. ఎంత గట్టిగా చుట్టాలో తెలియక రెండుసార్లు విప్పి చుట్టింది. చివరికి అంది. "రేపు నువ్వు పోకు. నేను పోత. మా నాయన కాడ అచ్చులు అతికినదాన్నే నేను."

కిమ్ స్టేషన్లో దిగి నడవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తన కాళ్లు ఎక్కడ పడుతున్నాయో కళ్లతో చూసుకుంటే తప్ప నడవలేకపోయింది. అప్పటికి స్పర్శ తొడల సగం దాకా పోయింది. షెడ్డు రోడ్డుకు వెనక, చెరకు తోట అంచున ఉంది. లోపల పన్నెండు మగ్గాలు. పదకొండింటి మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. పన్నెండోది నడుస్తోంది.

దాని పక్కన కుర్చీలో తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి గుజరాతీ పేపరు చదువుతున్నాడు. లావు వేళ్లు. చూపుడువేలికి ఉంగరం. ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఆవో బెన్," అని గుజరాతీలో చెల్లెల్ని రమ్మన్నట్టు పిలిచాడు. తర్వాత హిందీలోకి మారాడు. "వస్తారు కొందరు. కూర్చో."

ఆమె కూర్చోలేదు. మగ్గం ముందుకు వెళ్లింది. రోలు మీద చుట్టుకుంటున్న బట్ట చామనఛాయలో ఉంది, ఆమె ఒంటి రంగులో. విశాలాక్షి అరచెయ్యి దాని మీద పెట్టింది.

చేతికి బట్ట తెలిసింది. అదే క్షణంలో మొద్దుబారిన తొడ మీద చెయ్యి తెలిసింది. రెండూ ఆమెవే. మెల్లగా నిమిరింది. తన ఒళ్లు పై మనిషికి ఎలా తగులుతుందో పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తెలుసుకుంది. బాగుంది. సోమలింగం దాచడానికి కారణం ఇదేనని కూడా అప్పుడే అర్థమైంది.

"ఎవరు కొంటారు దీన్ని?" అంది చెయ్యి తీయకుండానే.

"చేతులకు ఏమీ తెలియనివాళ్లు. ఈ ఊళ్లో అలాంటి ఇళ్లు తక్కువేం లేవు. కట్టుకోరు, కుట్టించుకోరు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు."

"ఇప్పుడు దీన్ని కోసేస్తే?"

"వెనక పడుగు చుట్టిన బీము మీద మిగిలింది కూడా చస్తుంది. ఇక్కడే కొయ్యబారి నిలబడతావు."

"కొయ్యకపోతే?"

"రేపో ఎల్లుండో, మీ ఇంట్లో."

ఆమె మగ్గం వెనక్కి వెళ్లి చూసింది. బీము మీద పోగులు పల్చగా, నాలుగు చుట్లు మిగిలి ఉన్నాయి. ఠాకోర్‌భాయ్ పేపరు మడిచాడు.

"మీవాళ్లు చెప్పే మాటే. మగ్గాన్ని బోసిగా వదలకూడదు. పాత అచ్చు వెనక కొత్తది అతికితే, లాగుడు కొత్తదాని మీదకు పోతుంది. నీ దగ్గర మిగిలింది నీకు మిగులుతుంది. పోయింది మాత్రం రాదు." స్టూలు మీద ఇత్తడి పళ్లెంలో బూడిద ఉంది. కళ్లతో చూపించాడు. "పోగులు ఇక్కడ అతుకు. చేతులు కడక్కు. ముందు ఎవరిని తాకితే వాళ్లది ఎక్కుతుంది. ఎవరని నేను అడగను. నీ మొగుణ్నీ అడగలేదు."

విశాలాక్షి రెండు చేతులూ బూడిదలో ముంచింది. తీసిన చేతులు తీసినట్టే అతని మణికట్టు పట్టుకుంది.

ఠాకోర్‌భాయ్ విడిపించుకోలేదు. జాలిగా చూశాడు. ఆమె చేతికి మనిషి తగల్లేదు. ఎండిన కర్ర తగిలింది. అతను రెండో చేత్తో చొక్కా చెయ్యి పైకి మడిచాడు. లోపల చర్మం మీద తెంపేసిన పోగుల మొదళ్లు, వరుసల్లో, పాతబడి పసుపురంగుకు తిరిగి ఉన్నాయి.

"ఈ మగ్గం మీద మొదటి అచ్చు నాదే. నాలో లాగడానికి ఏమీ లేదు."

"మరి నన్ను గిల్లింది?"

 అతను ఉంగరమున్న వేలినీ బొటనవేలినీ గబుక్కున పిడికిట్లో దాచుకున్నాడు. ఆ రెండే మిగుల్చుకున్నట్టున్నాడు. ఆమె ఆ పిడికిలి కోసం చెయ్యి చాచింది. అరవై ఏళ్ల మనిషి కుర్చీ తన్నేసి గోడ దాకా వెనక్కి పరిగెత్తాడు.

"పని చూసుకో బెన్," అన్నాడు అక్కణ్నుంచి. గొంతు మారిపోయింది. "పని చూసుకో."

ఆమె పని చూసుకుంది. పళ్లెంలో మళ్లీ వేళ్లద్దుకుని, మగ్గం వెనక వేలాడుతున్న కొసలకు ఒక్కొక్క పోగే అతికింది. కొత్త పోగులు చల్లగా ఉన్నాయి. ఇంకా ఎవరివీ కావు.

తిరుగు రైల్లో చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. ఎవరో ముసలమ్మ పడిపోబోతూ ఆసరాకు ఆమె భుజం పట్టుకుంది. భుజమే పట్టుకుంది, బతికిపోయింది. ఆటోలో డబ్బులు నోటితో తీసిచ్చింది.

గల్లీలో ఐలమ్మ ఎదురొచ్చింది.

"ఏమైందే కాలికి? గట్ల ఈడ్సుకుంట వస్తున్నవేంది? చెయ్యి ఇటియ్యి."

"వద్దక్కా."

"చెయ్యి ఇయ్యరాదే, పడ్తవ్!"

ఐలమ్మ చెయ్యి చాచి నిలబడింది. ముడతలు పడ్డ చెయ్యి, పన్నెండేళ్లుగా ఎవరూ పట్టుకోని చెయ్యి. విశాలాక్షికి నల్లా దగ్గరి మాట గుర్తొచ్చింది. ఒక్క వేలు తగిలితే చాలు. ఇరవై రోజులు ముసలిది గోడకు జారబడి నవ్వుకుంటుంది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. అడిగింది కూడా తనేనాయె. కొంగులోంచి చెయ్యి సగం బయటికొచ్చింది. అది అంత సులువుగా ఎలా వచ్చిందో చూసి ఆమెకే భయం వేసింది.

"ముట్టుకోకు అక్కా."

"ఏం, మైలనా? ముసల్దాన్ని నాకేం మైలే?"

"ముట్టుకోకన్న గద!"

గల్లీ అంతా వినపడేలా అరిచింది. ఐలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఓయబ్బ! మొగని చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పనికిరాకపాయె దొర్సానికి," అంటూ తలుపు ధడాలున వేసుకుంది.

సోమలింగం గది మధ్యలో కూర్చుని ఉన్నాడు. ముందు ఆమె ముఖం చూశాడు, తర్వాత కొంగు వైపు చూశాడు.

"కడుగలేదా?"

"లేదు."

అతను లేచి బనీను విప్పాడు. మడిచి పక్కన పెట్టాడు. చాప మీద బోర్లా పడుకున్నాడు.

"చెప్తున్న. పోతానంటే పో," అంది విశాలాక్షి. "తలుపు తీసే ఉంది."

"తలుపు పెట్టు. అక్క ఇంటది."

ఆమె మోచేత్తో గొళ్లెం వేసింది. అతని పక్కన కూర్చుంది. మెడ కింద ఒక చిటికెడు పట్టుకుని మెలిపెట్టింది. తర్వాత దాని పక్కన. ఎడమ నుంచి కుడికి. సోమలింగం ఒంటిని ఆమె ఎప్పుడూ ఇలా వెతకలేదు. అతని వెన్నులో సన్నటి వణుకు ఒకటి పుట్టి కిందకు దిగడం, భుజాల బిగువు వదిలిపోవడం, ఊపిరి చాపను తాకి వెనక్కి రావడం, అన్నీ వేళ్లకు అందాయి. నోరు విప్పని మనిషి. పక్కటెముకల దగ్గరకు వచ్చేసరికి గట్టిగా మూలిగాడు. ఆమె ఆగలేదు. అతనూ ఆగమనలేదు. ఒకచోట ఆమెకు ఏడుపు వచ్చింది. వరుస మాత్రం తప్పలేదు. ఒక్కరోజులో అయ్యేది కాదది. తెల్లారితే మగ్గం మొదలవుతుంది కాబట్టి నడుము కింద ఎడం ఎక్కువ పెట్టింది.

చేతులు మాత్రం వదిలేసింది. మణికట్ల దాకా వచ్చి ఆగింది.

"ఇవి?" అన్నాడు సోమలింగం.

"అవి నావి."

మర్నాడు పదింటికి అతను టీ తాగుతున్నాడు. గ్లాసు చేతిలోంచి జారింది. కళ్లు మూతలుపడ్డాయి. గోడకు జారబడి, ముఖమంతా మెత్తబడిపోయి, పన్నెండున్నర దాకా అలాగే ఉన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని చీరల దారాలు కత్తిరించుకుంది. తన నడుము కిందిదంతా ఆ సరికే పోయింది. ఆపైన ఉన్నది ఉంది.

అతని అచ్చు ఇరవై ఐదు రోజులు నడిచింది. అయిపోవస్తుండగా ఠాకోర్‌భాయ్ ఫోన్ చేశాడు. తర్వాత రోజూ చేశాడు. ఇద్దరూ ఎత్తలేదు. మగ్గం బోసిపోయిందని, మంచిది కాదని, చివరికి ఎవరి చేతనో తెలుగులో మెసేజ్ పంపించాడు. సోమలింగం దాన్ని చదివి తీసేశాడు. అప్పటికి అతనికి ఫోను చేతిలో ఉన్నట్టు తెలుస్తుంది, అది ఒళ్లో పడితే తెలియదు. చేతులు తప్ప మిగతా మనిషంతా కొయ్య. అయినా నడుస్తున్నాడు, తింటున్నాడు. పాత కారఖానాల వాళ్లు మళ్లీ పిలుస్తున్నారు. అంత సుతారంగా అచ్చు అతికేవాడు ఉధ్నాలో ఇంకొకడు లేడట.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం రేకుల మీద వాన చప్పుడుకు పక్కింట్లో ఐలమ్మ టీవీ కూడా వినిపించడం లేదు. విశాలాక్షి చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. సోమలింగం చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు. ఈ మధ్య రెండేసిసార్లు కడుక్కుంటున్నాడు. ఆమె గొంతు దగ్గర వేలు పెట్టి కిందకు దిగడం మొదలుపెట్టాడు. ఆమె ఒంట్లో స్పర్శ ఎక్కడ ఆగిపోతుందో ఆ గీత దాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చేవాడు. గీత దాటడం అతనికి ఇష్టం ఉండదు. చచ్చినచోట చెయ్యి పెడితే తనకు తన మీద అసహ్యం వేస్తుందట.

"ఈడ?"

"ఉంది."

"ఈడ?"

"ఉంది."

ఆ గీత మొదట్లో నడుము దగ్గర ఉండేది. ఇప్పుడు బొడ్డుకు నాలుగు వేళ్లు పైకి వచ్చింది. మగ్గం ఆగి నెల దాటింది. లాగుతున్నది మగ్గం కాదు. ఆ వేళ్లలో ఉన్నది ఆమె నుంచి వచ్చిందే. వాటికి అది చాలడం లేదు. తాకిన ప్రతిసారీ నూలుపోగంత మందాన గీత పైకి జరుగుతోంది. విశాలాక్షికి ఈ సంగతి తెలిసి పది రోజులైంది. చెబితే అతను ఆ క్షణమే చేతులు రెండూ తీసేసుకుంటాడు. మళ్లీ జన్మలో తాకడు. కట్టర్ తెచ్చి ఏం చేసుకుంటాడో కూడా తెలియదు.

వేలు పక్కటెముకల చివర దాటింది. కనిపిస్తోంది. తగలడం లేదు.

"ఈడ?" అన్నాడు సోమలింగం.

"ఉంది," అంది విశాలాక్షి.